సందంతా వెనక్కి

పోయిన వారం మా టైర్ల షాపు పక్క సందులోకి కౌలాలంపూర్ నుంచి ఒక కుర్రాయన ఇల్లంత బండిని లాక్కొచ్చి ఇరికించేశాడు. కారవాన్ అంటారు దాన్ని. లోపల మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉంటాయి, ముందు కారుకి తగిలించి లాక్కుపోవాలి. పెళ్ళాం పిల్లలతో సముద్రం ఒడ్డుకి పోతూ టైరు మార్పించుకుందామని వచ్చాడు. రావడం వచ్చాడు గానీ పోవడం చేతకాలేదు. గంటసేపు ముందుకీ వెనక్కీ కుమ్మి, నా ప్రహరీ గోడ మూల ఊడగొట్టి, చెమటలు కక్కుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, ఈ ఊళ్ళో దీన్ని వెనక్కి తీయగలిగిన మనిషి ఎవరైనా ఉన్నారా?"

"ఉండేవాడు. పోయిన నెల పోయాడు," అన్నాను.

నేను వేళాకోళమాడుతున్నాననుకుని అతను నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నోరు చేసుకోకుండా లోపలికి వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళ తిప్పలు వాళ్ళు పడి సాయంత్రానికి ఎలాగో బయటపడ్డారు.

ఆ పోయినాయన్ని నేను మావ అనేవాణ్ణి. రక్త సంబంధం ఏమీ లేదు. కువాలా సెలంగోర్ దగ్గర ఒకే ఆయిల్ పామ్ ఎస్టేటులో, ఒకే కూలీల ఇళ్ళ లైనులో పుట్టాం. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఓడలో వచ్చారని మా ముసలివాళ్ళు చెప్పేవారు. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నన్ను అల్లుడూ అనేవాడు, పిల్లనివ్వకుండానే.

క్లాంగ్ రేవు నుంచి పొడుగు ట్రైలర్లు నడిపాడు. క్రేన్లు, బాయిలర్లు, వంతెనలకి వేసే ఇనప దూలాలు లాగేవాడు. ముందుకి నడపడం ఆయన దృష్టిలో పనే కాదు. "ముందుకి గేదె కూడా ఎల్తాది లా," అనేవాడు, ఇక్కడివాళ్ళ అలవాటు కొద్దీ చివర 'లా' తగిలించి. వెనక్కి తీయడమే పని. ఆ పనికి ఆయనకో పద్ధతి ఉండేది. బండి ఆపి దిగేవాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, వెనక్కి పోవలసిన దారంతా ఒట్టి కాళ్ళతో నడిచేవాడు. మట్టి ఎక్కడ మెత్తగా ఉందో అరికాలికి తెలియాలట. చివరి చక్రం ఎక్కడ ఆగాలో అక్కడ చెప్పులు రెండూ జతగా పెట్టి, తిరిగొచ్చి లారీ ఎక్కేవాడు. ఇక అద్దంలో ఆ చెప్పుల్నే చూసుకుంటూ వచ్చేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క జత కూడా నలగలేదని గొప్పలు చెప్పుకునేవాడు. నేనోసారి వాళ్ళావిణ్ణి అడిగాను.

"మూడు జతలు పోయినాయి. కొన్నది నానే కదా, నాకు తెల్దేటి," అంది అత్త, చేపలు తోముతూ.

వెనక నిలబడి సాయం చేసేవాళ్ళంటే ఆయనకి మహా చిరాకు. ఎవరైనా చేతులూపుతూ "రా, రా, రా" అని అరిస్తే ఇంజను ఆపేసి తల బయట పెట్టేవాడు. "రా రా అంటావేటి, పెళ్ళికి పిలుస్తున్నావా? ఎన్నడుగులో సెప్పు." ఇంకొకటి నాకు వందసార్లు చెప్పుంటాడు. "అద్దంలో నాకు కనబడు. కనబడకపోతే నువ్వు లేనట్టే. లేనోడి మాట నానినను." నాకు స్టీరింగు నేర్పినప్పుడు చక్రాన్ని పైన పట్టుకోనివ్వలేదు, అడుగున పట్టుకోమన్నాడు. అడుగున ఉన్న చెయ్యి ఎటు పోతే బండి తోక అటు పోతుంది. ఇంత చిన్న సంగతి తెలియక లోకంలో సగం మంది గోడలు కూలగొడుతున్నారని ఆయన బాధ.

మంచివాడని రాయలేను. నోటి దురుసు. సొంత తమ్ముడు లారీ అద్దం పగలగొట్టి చెప్పకుండా దాచాడని పన్నెండేళ్ళు మాట్లాడలేదు, ఆ తమ్ముడు చచ్చిపోయినా వెళ్ళలేదు. అబద్ధం చెప్పినవాణ్ణి మనిషిగా లెక్కపెట్టేవాడు కాదు. శనివారాలు తాగేవాడు. తాగినప్పుడు మాత్రం అత్త ఏమన్నా నోరెత్తకుండా పడేవాడు. పిల్లల్లేరు వాళ్ళకి.

అత్త గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మా లైను ఇళ్ళు వీపూ వీపూ ఆనించి కట్టారు, ఒక వరస వాకిళ్ళు తూర్పుకి, ఒక వరస పడమరకి. అత్త పుట్టింది పడమర వరసలో. కాపురానికి వచ్చింది కూడా పడమర వరసలోకే, నాలుగిళ్ళవతలకి. సాయంత్రం నాలుగైతే ఎండ తిన్నగా వంటింటి దాకా దూరేది. ఆవిడ గుమ్మంలో కూర్చుని, ఒక చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో బియ్యం ఏరేది. తూర్పు వరసవాళ్ళు పొద్దున్నే ముగ్గేసి, దీపం పెట్టి, సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటుంటే ఆవిడ చూసేది. "మన వాకిట్లో పొద్దు గూకడమే గానీ పొడవడం లేదు," అనేది. నవ్వుతూనే అనేది. చచ్చిపోయే లోపల ఒక్కనాడైనా తూర్పు వాకిలి ఇంట్లో పాలు పొంగించాలని మాత్రం నవ్వకుండా అనేది.

ఎస్టేటు అమ్మేశారు. ఇళ్ళు కడతారని లైన్లు ఖాళీ చేయమన్నారు. అందరికీ లిఫ్టు లేని మేడల్లో గదులు చూపించారు. మావకి ఐదో అంతస్తు వచ్చింది. అదే నెలలో అత్త రొమ్ములో పుట్టిన పుండు ఎముకల్లోకి దిగిందని తేలింది. ఇంక మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు ఆస్పత్రివాళ్ళు. ఏ ఇంటికి?

మావ నాతో ఒక్క ముక్క చెప్పలేదు. మూతపడిన ఒక సముద్రం ఒడ్డు హోటల్ వెనక పదేళ్ళుగా పడున్న కారవాన్ ఒకటి పట్టుకొచ్చాడు. ముప్ఫై ఎనిమిది అడుగులు. ఒక వైపు తుప్పు, ఒక వైపు నాచు. నా షాపు ముందు ఆపి, "టైర్లు మార్చు," అన్నాడు. ఎందుకు మావా ఇది అంటే, "ఐదంతస్తులు దాన్ని ఎత్తుకుని ఎక్కలేను. ఇల్లే దాని దగ్గరికి తెచ్చినాను," అన్నాడు. టైర్లు మార్చాను. నా పాత లారీ వెనక కొక్కెం అతికించి ఇచ్చాను.

మొదట కొబ్బరితోట చీనా ఆసామి కొన్నాళ్ళకని చోటిచ్చాడు. అక్కడ బండి తిన్నగా దూరడానికే చోటుంది. కారవాన్ తలుపు ఎప్పుడూ ఎడమ పక్కనే ఉంటుంది, అది పడమరకి పడింది. అత్తని మంచం మీద పడుకోబెట్టాం. సాయంత్రం ఎండ మొహం మీద పడింది. ఆవిడ కళ్ళు మూసుకుని, "మళ్ళీ ఇదేనా," అంది. అంతే. మావ బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ మనిషి మొహం అలా ఉండగా నేను మునుపెన్నడూ చూడలేదు.

మూడు వారాలకి ఆసామి చోటు ఖాళీ చేయమన్నాడు. మా నాన్న నాకు ఒదిలిపోయిన ఆయిల్ పామ్ ముక్క ఒకటుంది. నాడాలాగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పెద్ద రోడ్డు నుంచి ఉత్తరానికి అర మైలు సందులో పోవాలి. సందుకి పడమర పక్కన పంట కాలవ. అక్కడ పెట్టుకో మావా అన్నాను. ఆయన వెళ్ళి చూసి, సందంతా అడుగులు లెక్కపెట్టి వచ్చాడు.

"ముందుకి తోలుకుపోతే తలుపు పడమరకి పడతాది. లోపల తిప్పడానికి జాగా లేదు," అన్నాడు. "రోడ్డు కాడ్నించి సందంతా ఎనక్కి తోలుకుపోతే తూర్పుకి పడతాది."

"అర మైలు వెనక్కా? పిచ్చెక్కిందా మావా?"

"దానికి తూర్పు వాకిలి కావాలి అల్లుడూ. ఇంకెన్నాళ్ళుంటాది."

ఆ పని మరే జాతివాడూ చేయడనుకుంటాను. మా పొరుగున ఉండే మలై జాతి ఆయనకి చెబితే, తలుపు ఎటుంటే ఏం, గాలి రావాలి గానీ అన్నాడు. ఆయన మాట నిజమే. ఆ నిజం ఆ రోజు మాకు ఎక్కలేదు.

వెనక తగిలించి లాక్కెళ్ళే బండిలో మనుషులుండకూడదు. ఆ సంగతి నాకు చెప్పింది మావే. కానీ అత్తని ఎత్తితే గావుకేక పెడుతోంది. కారులోకి మారుద్దామంటే, "నన్ను కదపకండి. బండినే కదపండి," అంది. చివరికి ఆవిడ మంచానికి రెండు పక్కలా దిళ్ళు కుక్కి, నొప్పి మందు పట్టించి, లోపలే ఉంచాం.

పొద్దున్న ఏడున్నరకి మొదలుపెట్టాడు. నేను కాలవ పక్కన, ఆయన అద్దంలో కనబడేలా నడుస్తున్నాను. యాభై అడుగులకోసారి ఆపి, దిగి, వెనక మట్టి తొక్కి చూసి, లోపలికి తొంగి చూసి, మళ్ళీ ఎక్కేవాడు. ప్రతిసారీ కిటికీ దగ్గర, "ఎలగుంది?" అనేవాడు. "తోలు," అనేది లోపల్నుంచి. ముప్ఫై ఎనిమిది అడుగుల బండి, దాని ముందు లారీ, సందు పొడుగునా వెనక్కి, మనిషి నడకకంటే నెమ్మదిగా. గుక్కెడు నీళ్ళు తొణకకుండా పోయింది. చేతులు జోడించాలనిపించింది. మూడు గంటలు అలా.

ఇంక రెండొందల అడుగులుందనగా కాలవ గట్టు దిగబడింది. ఆయన తప్పు కాదు, నా తప్పూ కాదు. పైన మట్టి గట్టిగానే ఉంది, కింద ఉడుములు బొరియలు తవ్వి గుల్ల చేశాయి. వెనక చక్రం కుంగి, బండి కాలవ వైపుకి ఒరిగింది. లోపల గిన్నెలు దొర్లిన చప్పుడు. ఆ తర్వాత అత్త అరుపు. ఆ అరుపు గురించి రాయను.

మావ లోపలికి దూకి ఆవిణ్ణి పట్టుకున్నాడు. పది నిమిషాలకి బయటికొచ్చి, చక్రం కింద చూసి, మిగిలిన సందు చూసి, "సెక్క బలకలేస్తే ఎక్కుతాది. ఎనక్కి తీసేయగలను," అన్నాడు. చెప్పి అక్కడే నిలబడ్డాడు. కదల్లేదు. లోపల మూలుగు వినబడుతోంది. ఇంకో కుదుపు ఆవిడ ఓర్చుకోలేదని ఇద్దరికీ తెలుసు.

"ముందుకి లాగించేద్దాం," అన్నాడు చివరికి. "ట్రాక్టర్ని పిలు."

మలై పొరుగాయన ట్రాక్టరుతో వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా మెత్తగా లాగిపెట్టాడు. బండి రోడ్డెక్కింది. రోడ్డు మీద తిప్పుకుని, అందరూ పోయేలాగే ముందుకి తోలుకుంటూ సందులోకి పోయి నా ముక్కలో ఆపాడు. తలుపు పడమరకి. అప్పటికి సాయంత్రం ఐదు దాటింది.

అత్తకి మందు మత్తు. ఆరున్నర ప్రాంతంలో ఆయిల్ పామ్ చెట్ల మధ్య నుంచి ఎర్రటి ఎండ తలుపులోంచి లోపలికి వచ్చింది. ఆవిడ కళ్ళు తెరిచి చూసింది.

"తెల్లారిందేటి?" అంది.

మావ మంచం పక్కన కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. "అవునే. తెల్లారినాది," అన్నాడు.

అబద్ధానికి తమ్ముణ్ణి ఒదులుకున్న మనిషి.

"రాత్రంతా తోలినావా?"

"తోలినాను. ఎనక్కి తోలినాను, సందంతా. సూడు, తూర్పు."

ఆవిడ తల నా వైపు తిప్పింది. "నిజమేనా అల్లుడూ?"

"నిజమే అత్తా," అన్నాను.

"అయితే పాలు పొంగించండి."

ఇంట్లో పాలు లేవు. మావ నా మోటారుసైకిలేసుకుని కొట్టుకి పరిగెత్తాడు. చప్పుడు సందు చివర దాకా పోయాక అత్త చెయ్యి చాపింది. పట్టుకున్నాను. పుల్లలా ఉంది.

"పొద్దు గూకే ఎండ నాకు తెల్దేటి అల్లుడూ," అంది. "పుట్టినకాడ్నించి దాని మొహమే సూసినాను."

నేను దుప్పటి సర్దబోయాను.

"ఆయనకి సెప్పకు. శానా కట్టపడినాడు. నాను నమ్మినాననే అనుకోనీ."

మాటిచ్చాను. ఏడుస్తూ ఇచ్చాను, చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు. మావ పాలు తెచ్చి పొయ్యి మీద పెట్టాడు. పొంగి పొయ్యి మీద కారిపోతుంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం, ఆపడం మరిచిపోయి. ఒక చెంచా ఆవిడ నోట్లో పోశాడు. మింగింది. "బాగుంది ఇల్లు," అంది. అసలు తెల్లవారకముందే పోయింది.

దహనం అయిన మూడో రోజు పొద్దున్న నేను నా ముక్కలో గెలలు కోసే కూలీలకి టీ పట్టుకుని వెళ్ళేసరికి బండి లేదు. సందులో ఇంజను చప్పుడు. మావ ఒక్కడే ఆ పొడుగు బండిని సందంతా వెనక్కి తీసుకుపోయి, రోడ్డు మీద తిప్పి, మళ్ళీ సందంతా వెనక్కి తోలుకుంటూ వస్తున్నాడు. గట్టు దిగబడిన చోట బలకలు పరిచాడు. అద్దంలో కనబడుతూ అడుగులు చెప్పడానికి ఎవరూ లేరు. నేను కనబడదామని ముందుకి వెళ్ళబోతే, వద్దని చెయ్యి ఊపాడు. ఒక్క చోట ఆగలేదు, ఒక్క చోట కొమ్మ తగల్లేదు. ఇంజను ఆపాక తలుపు తూర్పుకి ఉంది. దిగి, దాన్ని ఒకసారి చూసి, తాళం వేసి, నా షాపుకి వచ్చి రెండు రోజులు పడుకున్నాడు.

ఆ తర్వాత ఆరేళ్ళు అందులోనే ఉన్నాడు. పొద్దున్నే మెట్టు మీద కూర్చుని ఎండలో టీ తాగేవాడు. ట్రైలర్లు మళ్ళీ ముట్టలేదు. ఎవరైనా బండి ఇరుక్కుందని పిలిస్తే, నాకు కళ్ళు ఆనవు అనేవాడు. కళ్ళు బాగానే ఆనేవి. మా కూతురి పెళ్ళికి రమ్మంటే ఒచ్చి, వాకిట్లోనే తిని పోయాడు. అత్త మాట నా దగ్గర ఎత్తేవాడు కాదు. నేను ఎత్తితే లేచి పోయేవాడు. పెళ్ళాం పోయిన దుఃఖం అనుకున్నాను. అంతకంటే ఏముంటుందని ఆలోచించలేదు, నా బుర్ర టైర్ల దగ్గరే ఆగిపోతుంది.

పోయిన నెల ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆస్పత్రిలో పెట్టాం. నేను గంజి పట్టుకుని వెళ్ళాను. రెండు చెంచాలు తాగి చాలన్నాడు.

"అల్లుడూ, ఒకటడుగుతాను. నిజం సెప్పాలి."

"అడుగు మావా."

"ఆ రోజు తెల్లారిందని సెప్పినాం కదా. అది నమ్మినాదంటావా?"

ఈ ప్రశ్న ఎప్పటికైనా వస్తుందని ఆరేళ్ళుగా భయపడుతున్నాను. జవాబు కూడా ఎప్పుడో సిద్ధం చేసుకున్నాను. అత్తకిచ్చిన మాట ఉంది. పైగా పోయేవాడు, పెళ్ళాం కోరిక తీరిందనుకుని తృప్తిగా పోనీ అనుకున్నాను.

"నమ్మింది మావా," అన్నాను. "తూర్పు చూసే పోయింది."

ఆక్సిజన్ గొట్టం కింద ఆయన పెదాలు కదిలాయి.

"తెలిసే ఊరుకున్నాదిలే అనుకుంటూ బతికినాను ఇన్నాళ్ళూ," అన్నాడు. "దానికి ఆ ఎండ తెల్దేటి, నా కోసం ఊరుకున్నాదిలే అనుకున్నాను. నమ్మీసినాదా." కళ్ళు మూసుకున్నాడు. "అయితే సచ్చిపోయే మనిషిని మోసం సేసినాను."

"మావా," అన్నాను. చెప్పేయాలి. మాట నోటి దాకా వచ్చింది. చెప్పేస్తే అత్తకిచ్చిన మాట ఏమవుతుంది? క్షణం కిందట అబద్ధం చెప్పినవాడి మాట ఇప్పుడు నమ్ముతాడా? నేను అలా తన్నుకుంటుండగా ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నర్సమ్మ వచ్చి టైమైపోయింది, రేపు రండి అంది. రేపు చెబుతాననుకున్నాను. దారంతా ఎలా చెప్పాలో మాటలు కూడబలుక్కున్నాను.

మర్నాడు షాపు తెరవకుండా తిన్నగా ఆస్పత్రికే పోయాను. నేను వెళ్ళేసరికి ఆ మంచం మీద దుప్పటి మారుస్తున్నారు.